మొవ్వాకులో కాల్షియం పని

మహానంది అరటితోటలో కాల్షియం కొరవడితే ముందు దెబ్బతినేది ముదురాకు కాదు, మొవ్వాకు. ఎందుకని? ముదురాకులో చేరిన కాల్షియం మళ్లీ మొవ్వుకు రాదు. కణాలు జోరుగా విభజన చెందేదేమో మొవ్వు మొదట్లోనే! కొత్త కణాల గోడలకు బిగువిచ్చేదీ కాల్షియమే.

మామూలుగా కణద్రవంలో కాల్షియం బయటికంటే సుమారు 10,000 రెట్లు తక్కువ. సంకేతం అందగానే కాస్త లోపలికొస్తుంది. దాన్ని పట్టుకునేది 'కాల్‌మోడ్యులిన్' అనే మాంసకృత్తు. 1970 ప్రాంతంలో చ్యూంగ్, కాకియుచి దీన్ని విడివిడిగా కనుగొన్నారు. ఇందులో 4 కాల్షియం అయాన్లకు చోటుంది. అవి చేరగానే రూపు మార్చుకుని ఇతర ఎంజైములను తట్టిలేపుతుంది. విభజనవేళ క్రోమోజోములను పంచే కదురు దగ్గర చేరి పనికి తోడవుతుంది.

పొటాష్ మితిమీరినా మొక్కకు కాల్షియం సరిగా అందదు. మిత్రులారా, సెలవులకు ఊరెళ్తే నాయనతో చెప్పండి: బస్తా విప్పేముందు మొవ్వు చూడమని.