ఐర్లాండ్ ఖాతాలో చేరిన సంపద

ఒక దేశంలో ఏడాది కాలంలో ఉత్పత్తయిన వస్తుసేవల మొత్తం విలువను స్థూల దేశీయోత్పత్తి అనీ, దానిని శ్రామికులు పనిచేసిన గంటలతో భాగిస్తే వచ్చేదానిని శ్రామిక ఉత్పాదకత అనీ అంటారు. దేశాలను పోల్చేటప్పుడు ధరల తేడాలను సవరించడం మామూలే గానీ, అసలు చిక్కు చాలాసార్లు ఉత్పత్తిని ఏ దేశపు ఖాతాలో రాయాలన్న దగ్గరే వస్తుంది.

2015లో ఐర్లాండ్ ఆర్థిక వ్యవస్థ ఏకంగా 26 శాతం పెరిగిందని మరుసటి ఏడాది జూలైలో అక్కడి గణాంక కార్యాలయం ప్రకటించింది. ఉద్యోగాలు గానీ జీతాలు గానీ ఆ స్థాయిలో పెరిగిన దాఖలా మాత్రం లేదు. కంపెనీలపై పన్ను 12.5 శాతమే కావడంతో, బహుళజాతి సంస్థలు తమ పేటెంట్లను, అంటే ఆవిష్కరణలపై హక్కులను, అక్కడి అనుబంధ సంస్థల పేరిట మార్చగా, వేరే దేశాల్లో ఒప్పందం మీద తయారైన సరుకు విలువ సైతం ఐరిష్ పద్దులోనే జమపడింది. పని గంటలు అంతంతమాత్రంగా పెరిగి, లవం ఒక్కటే ఉబ్బితే భాగఫలం ఏమవుతుందో బడిపిల్లలకూ తెలిసిన లెక్కే.

ఈ వింతను అమెరికన్ ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ ఐరిష్ జానపద కథల్లోని మాయ మరుగుజ్జు లెప్రికాన్ పేరుతో ఎద్దేవా చేశారు. దరిమిలా 2017 నుంచి ఐర్లాండ్, దిగుమతైన పేటెంట్ల అరుగుదలనూ అద్దెకిచ్చే విమానాల అరుగుదలనూ మినహాయించి, సవరించిన స్థూల జాతీయాదాయాన్ని విడిగా ప్రకటిస్తోంది. 2022లో అది దేశీయోత్పత్తిలో సగానికి కాస్త పైన మాత్రమే తేలింది.