సెల్‌ఫోన్ మీద పేరెవరిది? లోపల చేతులెవరివి?

చెనిక్కాయ పంట చేతికొచ్చిన ఏడాది అనంతపురం టవర్‌క్లాక్ చుట్టుపక్కల టీవీ షాపుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. పంట పోయిన ఏడాది అవే షాపుల్లో కుర్రాళ్లు ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. వాన పడితే కొత్త టీవీ, పడకపోతే పాతదానికి రిపేరు! ఇది మనందరికీ తెలిసిన లెక్కే.

కానీ ఆ టీవీ వెనక, మన చేతిలోని సెల్‌ఫోన్ వెనక ఇంకో పెద్ద లెక్క ఉంది. ఈమధ్య ఆ లెక్కలోకి మన ఆడపిల్లలు కూడా చేరుతున్నారు. ఇంటర్ పాసయిన పిల్ల ఉన్న తల్లి ఎవరైనా, "సెల్‌ఫోన్ ఫ్యాక్టరీలో పనంట. హాస్టలు, అన్నం వాళ్లే పెడతారంట. పంపించేదా, వద్దా? సదువుకున్నదానివి, నువ్వే సెప్పక్కా" అని అడిగితే ఏం చెబుతాం? జవాబు చెప్పాలంటే ముందు ఆ లెక్క మనకు తెలియాలి కదా!

పేరొకరిది, పని వేరొకరిది

వస్తువు మీద ఏ పేరుంటే ఆ కంపెనీయే దాన్ని తయారు చేసిందని అనుకుంటాం. ఒకప్పుడు చాలావరకు అది నిజమే. 1967లో ఎ.యస్. రావు గారి ఆధ్వర్యంలో హైదరాబాదులో మొదలైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 'ఇ.సి.' టీవీలను తనే తయారు చేసి, తన పేరుతోనే అమ్మింది. మన పెద్దవాళ్లకు ఆ బ్లాక్ అండ్ వైట్ టీవీలు గుర్తుండే ఉంటాయి.

ఇప్పుడలా కాదు. పేరున్న కంపెనీ వస్తువు ఎలా ఉండాలో ఆలోచిస్తుంది, ప్రకటనలిస్తుంది, అమ్ముతుంది. తయారు చేసే పనిని మాత్రం కాంట్రాక్టుకిస్తుంది. అలా కాంట్రాక్టు తీసుకునే కంపెనీల్లో పెద్దది తైవాన్‌కు చెందిన ఫాక్స్‌కాన్. 1974లో టెర్రీ గౌ అనే ఆయన దాన్ని మొదలుపెట్టినప్పుడు చేసిందేమిటో తెలుసా? పాతకాలం టీవీల్లో ఛానెల్ తిప్పుకునే ప్లాస్టిక్ మరలు! ఈనాడు ప్రపంచంలో అమ్ముడయ్యే ఐఫోన్లలో ఎక్కువ భాగం ఆ కంపెనీ ఫ్యాక్టరీల్లోనే బిగిస్తున్నారు.

'బిగిస్తున్నారు' అని కావాలనే అన్నాను. ఎందుకంటే అక్కడ జరిగే పని ముఖ్యంగా అదే. ఐఫోన్‌నే తీసుకుంటే, ఆలోచన కాలిఫోర్నియాలో పుడుతుంది. దాని మెదడులాంటి చిప్పు తైవాన్‌లో తయారవుతుంది. తెర ఎక్కువగా కొరియా కంపెనీలది. కెమెరాలో కన్నులాంటి ముక్క జపాన్ సోనీది. బ్యాటరీల్లో వాడే కోబాల్టును గనుల్లోంచి తవ్వేది చాలావరకు ఆఫ్రికాలోని కాంగోలో. ఇన్ని దేశాల ముక్కలూ ఒకచోటికి చేరాక వాటిని కూర్చి, మరలు బిగించి, పరీక్షించి డబ్బాలో పెట్టేది ఫ్యాక్టరీ లైనులో నిలబడిన చేతులు. మనదేశంలో ఆ చేతుల్లో ఎక్కువ భాగం ఆడపిల్లలవే.

చెనిక్కాయతో పోల్చి చూస్తే

ఏసర్ కంప్యూటర్ కంపెనీని స్థాపించిన స్టాన్ షీ అనే తైవాన్ ఆయన 1992లో ఒక గీత గీసి చూపించాడు. నవ్వుతున్న పెదవుల్లా రెండు చివరలూ పైకి, మధ్యభాగం కిందికి ఉండే గీత. ఒక చివర వస్తువును ఆలోచించి రూపమిచ్చేవాళ్లు. ఇంకో చివర పేరు పెట్టి అమ్మేవాళ్లు. లాభాలు ఈ రెండు చివరల్లోనే. మధ్యలో కూర్చి బిగించేవాళ్ల దగ్గర మిగిలేది తక్కువ. దానికే 'నవ్వు గీత' అని పేరొచ్చింది.

మనకిది అర్థం కావడానికి తైవాన్ దాకా వెళ్లక్కరలేదు. విత్తనం అమ్మినవాడికి ఆదాయం ముందే వస్తుంది. నూనె ప్యాకెట్ మీద పేరు వేసుకున్నవాడికి చివర్లో వస్తుంది. మధ్యలో ఎండలో నిలబడి కాయ పండించిన రైతు మండీలో చెప్పిన ధరకు తలూపి వస్తాడు. నవ్వు గీతలో కిందికి వంగిన చోటు అదే.

ఎంత తక్కువ అంటారా? 2010 నాటి ఐఫోన్ ధరను అమెరికా పరిశోధకులు ముక్కలు ముక్కలుగా లెక్కగట్టారు. ఫోను ధర 100 రూపాయలనుకుంటే, అందులో ఆపిల్‌కు లాభంగా మిగిలింది 58 రూపాయల 50 పైసలు. చైనాలో దాన్ని తయారుచేసిన కార్మికులందరికీ కలిపి చేరింది రూపాయి 80 పైసలు! ఏళ్లు గడిచాయి, ఫోన్లు మారాయి, అంకెలూ మారి ఉంటాయి. గీత వంపు మాత్రం అలాగే ఉంది.

మన గడపలోకి వచ్చిన ఫ్యాక్టరీలు

బయటినుంచి తెచ్చే ఫోన్ల మీద ప్రభుత్వం 2018 నాటికి సుంకాన్ని 20 శాతానికి పెంచింది. 2020లో ఇక్కడే తయారు చేసేవాళ్లకు అమ్మకాలను బట్టి ప్రోత్సాహకాలు ప్రకటించింది. దాంతో కంపెనీలకు ఇక్కడ పని చేయించుకోవడం లాభసాటి అయింది.

అంతకుముందే, 2015 ఆగస్టులో షావోమీ కంపెనీ మనదేశంలో తయారైన తన మొదటి ఫోన్‌ను విశాఖపట్నంలో విడుదల చేసింది. దాన్ని బిగించింది మాత్రం తడ దగ్గరి శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో. అక్కడ లైన్లలో నిలబడినవాళ్లు దాదాపు అందరూ ఆడపిల్లలే. తర్వాత అదే షావోమీ టీవీలను తిరుపతిలో డిక్సన్ అనే మనదేశపు కాంట్రాక్టు కంపెనీ తయారుచేసింది. మనకు ఇటుపక్క కోలారు జిల్లా నరసాపురలోనూ, అటుపక్క చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులోనూ ఐఫోన్లు తయారవుతున్నాయి. కరువు పల్లెలో బెంగుళూరు బస్సెక్కే కూలికి ఇప్పుడు ఇంకో దారి కనిపిస్తోంది. నీడపట్టున పని, నెల నెలా జీతం! దాన్ని చిన్నచూపు చూడలేం. పదహారేళ్లకే పెళ్లి పీటలెక్కాల్సిన పిల్ల తన పేరుతో బ్యాంకు పుస్తకం తెచ్చుకుంటే అంతకన్నా కావలసిందేముంది?

కానీ రెండోవైపు కూడా చూడాలి.

పెళ్లయితే పనికిరారా?

2020 డిసెంబరు 12న నరసాపురలోని విస్ట్రాన్ ఫ్యాక్టరీలో చెప్పిన జీతం ఇవ్వలేదని కార్మికులు గొడవకు దిగారు. అద్దాలు పగిలాయి, అరెస్టులు జరిగాయి. కొందరికి జీతాలు సరిగా అందలేదన్నది తర్వాత విచారణలోనూ తేలింది. వాళ్లలో చాలామంది మధ్యవర్తి కాంట్రాక్టర్ల ద్వారా చేరినవాళ్లు. జీతం ఎవరిని అడగాలో తెలియని పరిస్థితి! 2023లో ఆ ఫ్యాక్టరీ టాటావారి చేతికి వచ్చింది.

2021 డిసెంబరులో శ్రీపెరంబుదూరు ఫాక్స్‌కాన్ కార్మికులు ఉండే హాస్టల్లో అన్నం విషమై 150 మందికి పైగా ఆడపిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. మిగతా పిల్లలు వచ్చి జాతీయ రహదారి మీద కూర్చున్నారు. ఫ్యాక్టరీ మూతపడి, 2022 జనవరిలో మళ్లీ తెరుచుకుంది. ఆడపిల్లలు గొంతెత్తితేనే హాస్టల్ గదులు, వంటగదులు ఎలా ఉన్నాయో లోకానికి తెలిసింది.

2024 జూన్‌లో ఇంకో సంగతి బయటికొచ్చింది. పెళ్లయిన ఆడవాళ్లను అక్కడ ఐఫోన్ లైన్లలోకి తీసుకోవడం లేదని రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది. ఇంటి బాధ్యతలుంటాయి, కడుపుతో ఉంటారు, సెలవులు పెడతారు... ఇవీ కారణాలట. కంపెనీ ఆ మాట కాదంది. కొత్తగా చేర్చుకున్నవాళ్లలో నాలుగోవంతు పెళ్లయినవాళ్లేనని చెప్పుకుంది. కేంద్ర ప్రభుత్వం 1976 నాటి సమాన వేతన చట్టాన్ని గుర్తుచేసి, తమిళనాడును నివేదిక అడిగింది. ఇంట్లో చాకిరీ చేసేటప్పుడు 'ఆడదాని ఓపిక' అని పొగుడుతారు. అదే ఓపిక పెళ్లయ్యాక ఫ్యాక్టరీకి పనికిరాదనడం ఏం న్యాయమమ్మా?

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. ఫ్యాక్టరీ వచ్చినట్టే పోతుంది కూడా. శ్రీపెరంబుదూరులోనే నోకియా 2006లో సెల్‌ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫోన్ల ఫ్యాక్టరీల్లో అదొకటి. పన్నుల తగాదా వచ్చింది. నోకియా ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది. 2014 నవంబరు 1న గేటుకు తాళం పడింది. వేలమంది రోడ్డున పడ్డారు. వాళ్లలో ఎందరో పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు.

పంపేముందు అడగవలసినవి

ఇదంతా చదివి పిల్లల్ని పంపొద్దనడం నా ఉద్దేశం కాదు. కళ్లు తెరిచి పంపాలంటున్నానంతే. చేర్చుకునే కాగితం కంపెనీ పేరు మీద ఉందా, కాంట్రాక్టరు పేరు మీద ఉందా? చేతికొచ్చే జీతమెంత, హాస్టలుకూ భోజనానికీ అందులోంచి కోసేదెంత? పి.ఎఫ్. నంబరు, ఇ.ఎస్.ఐ. కార్డు ఇస్తారా? ఓవర్‌టైమ్ చేయిస్తే డబ్బు విడిగా ఇస్తారా? రాత్రి షిఫ్టు అయితే బస్సు హాస్టలు గుమ్మం దాకా వస్తుందా? పెళ్లయ్యాక, కాన్పయ్యాక ఉద్యోగం ఉంటుందా? ఇవన్నీ అడగడానికి సిగ్గుపడాల్సింది లేదు. పెళ్లి సంబంధం వస్తే ఏడు తరాలు విచారిస్తాం, ఉద్యోగానికి ఏడు ప్రశ్నలు అడగలేమా?

వీలైతే పిల్లను బిగించే పని దగ్గరే ఆపకండి. పాలిటెక్నిక్కో, ఐ.టి.ఐ.లో ఎలక్ట్రానిక్సో చదివిస్తే అదే ఫ్యాక్టరీలో యంత్రాన్ని సరిచేసే పనికి, నాణ్యత చూసే పనికి ఎదుగుతుంది. కాదంటే మన ఊళ్లోనే రిపేరు షాపు పెట్టుకుంటుంది. నవ్వు గీతలో వంపు నుంచి ఒక మెట్టు పైకెక్కడమంటే అదే.

ఇక కొనేవాళ్లం మనమే కాబట్టి మనకూ పని ఉంది. బిల్లు లేకుండా కొనకండి, వారంటీ కాగితం దాచిపెట్టండి. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కొన్న వస్తువు మీద ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. కొనే చెయ్యీ, బిగించే చెయ్యీ రెండూ ఆడవాళ్లవే అయినప్పుడు ధర ఎంత అని అడిగే నోటితోనే, అందులో పిల్లలకు చేరేదెంత అని కూడా అడగడం మనం నేర్చుకోవాలి.