చుక్క పెట్టిన ప్రశ్న

"...అని లోక్‌సభలో ఒక సభ్యుడు అడిగిన ప్రశ్నకు కేంద్రమంత్రి లిఖితపూర్వకంగా సమాధానమిచ్చారు."

పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో ఈ వాక్యం లేని తెలుగు పేపరు దొరకదు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఎన్ని అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఫలానా రైల్వే లైను సర్వే ఎంతవరకు వచ్చింది, ఏ పథకానికి ఏ రాష్ట్రానికి ఎంత ఇచ్చారు... ఇలాంటి అంకెలు చాలామటుకు ఈ వాక్యం వెనకాల నుంచే వస్తాయి. మనం అంకెని చదివి, వాట్సాప్‌ గ్రూపులో పడేసి, దాని మీద గంటసేపు కొట్టుకుని, వాక్యాన్ని మాత్రం వదిలేస్తాం. ఆ వదిలేసిన వాక్యంలో "లిఖితపూర్వకంగా" అనే మాట ఒకటుంది. దాని దగ్గరే ఆగుదాం.

పార్లమెంటు సభ్యులు మంత్రుల్ని అడిగే ప్రశ్నలు ముఖ్యంగా రెండు రకాలు. ఒక రకానికి పక్కన చుక్క గుర్తు ఉంటుంది. స్టార్డ్ క్వశ్చన్ అంటారు, పేపర్లో నక్షత్ర గుర్తు ప్రశ్న అని రాస్తారు. దీనికి మంత్రి సభలో లేచి నిలబడి నోటితో జవాబు చెప్పాలి. చుక్క లేని ప్రశ్నకి కాగితం మీద జవాబు వస్తుంది, అంతే. లోక్‌సభలో ఒక రోజు జాబితాలో చుక్క ఉన్నవి 20, లేనివి 230. రాజ్యసభలో 15, 160. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. ఎవరి ప్రశ్న ముందు రావాలన్నది లాటరీ తేలుస్తుంది. ఒక సభ్యుడికి ఒక రోజున ఒకటికి మించి చుక్క ప్రశ్న దక్కదు. లోక్‌సభలో ఉదయం 11 నుంచి 12 దాకా, రాజ్యసభలో 2014 నుంచి మధ్యాహ్నం 12 నుంచి ఒంటిగంట దాకా ఈ వ్యవహారం నడుస్తుంది. మనవాళ్లు ప్రశ్నోత్తరాల సమయం అనేది దీన్నే.

ఇంతవరకూ జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో ఉన్నదే. ఒక్క చుక్క వల్ల వచ్చే తేడా ఏమిటో ఆ పుస్తకం చెప్పదు. మన భాషలో చెప్పాలంటే, చుక్క లేని ప్రశ్న ల్యాబ్ రికార్డు లాంటిది. చుక్క ఉన్నది వైవా.

రికార్డు ఎలా రాస్తామో మనకి తెలుసు. సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని, రీడింగులు కాస్త అటూ ఇటూ చేసి దించేస్తాం. సంతకం పడిపోతుంది. వైవాలో ఎక్స్‌టర్నల్ ఆ రికార్డే తెరిచి, "ఈ గ్రాఫు ఇక్కడ ఎందుకు వంగింది బాబూ?" అంటాడు చూడండి, అప్పుడు తెలుస్తుంది ఎవరు చేశారో, ఎవరు దించారో. మంత్రిగారి రాతజవాబు కూడా శాఖలో కింద నుంచి పైకి ఒక్కో బల్ల దాటుకుంటూ, ఇబ్బంది పెట్టే మాటలన్నీ ఇస్త్రీ అయిపోయి బయటికొస్తుంది. చుక్క ప్రశ్నకి కూడా మొదటి జవాబు అలా తయారైనదే. కానీ ఆ జవాబు కాగానే అడిగిన సభ్యుడు రెండు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. తర్వాత స్పీకర్ అవకాశమిస్తే మిగతా సభ్యులూ అందుకోవచ్చు. వీటికి ముందస్తు నోటీసు లేదు. ఏమేం అడగొచ్చో ఊహించి అధికారులు లావుపాటి ఫైలు తయారుచేసి మంత్రి చేతికి ఇస్తారు, తాము అధికారుల గ్యాలరీలో కూర్చుని చీటీలు అందిస్తూ ఉంటారు. అయినా నిలబడాల్సింది మంత్రే. ఫైల్లో లేని ప్రశ్న వచ్చినప్పుడు ఆ శాఖ ఆయనకి ఎంత తెలుసో సభ మొత్తానికీ కనిపిస్తుంది.

ఈ రెండో ప్రశ్న విలువ తెల్లదొరలకి బాగా తెలుసు. 1861 చట్టం ప్రకారం ఏర్పడ్డ కౌన్సిల్లో మనవాళ్లు చట్టాల గురించి మాట్లాడొచ్చు గానీ, ప్రభుత్వాన్ని ప్రశ్న అడిగే హక్కు లేదు. 1892 చట్టంతో అది వచ్చింది. 1893 ఫిబ్రవరి 16న భింగా రాజా మొదటి ప్రశ్న వేశారు. అధికారులు టూర్లకి వచ్చినప్పుడు వాళ్లకి సరుకులు సమకూర్చలేక ఊళ్లలో దుకాణదారులు పడే ఇబ్బంది గురించి. ఎంత మామూలు విషయమో చూడండి! కానీ జవాబు మీద మళ్లీ అడగడానికి వీల్లేదు. అడిగిన సభ్యుడికి అనుబంధ ప్రశ్న వేసే హక్కు 1909 సంస్కరణల్లో గానీ రాలేదు. ఇతర సభ్యులకి ఆ అవకాశం 1919 సంస్కరణల తర్వాత వచ్చింది. అంటే మొదటి ప్రశ్న నుంచి రెండో ప్రశ్నకి రావడానికి పదహారేళ్లు పట్టింది.

స్వతంత్రం వచ్చాక ఆ రెండో ప్రశ్న ఏం చేయగలదో 1957లో తెలిసింది. జీవిత బీమాని ప్రభుత్వం జాతీయం చేసి, ఎల్‌ఐసీ పెట్టి అప్పటికి ఏడాది. 1957 జూన్‌లో ఎల్‌ఐసీ, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల షేర్లు సుమారు కోటీ 24 లక్షల రూపాయలు పెట్టి కొన్నది. ఆ కంపెనీల పరిస్థితి అంతంతమాత్రం. పెట్టుబడులు చూడాల్సిన సొంత కమిటీని అడగకుండానే కొన్నది. పేపర్లో గుసగుసలు మొదలయ్యాయి. సెప్టెంబరు 4న లోక్‌సభలో రామ్ సుభగ్ సింగ్ ప్రశ్న వేస్తే, దాని మీద ఫిరోజ్ గాంధీ అందుకున్నారు. జవాబులు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఒక ముక్కకి ఇంకో ముక్క అతకలేదు. ఆ అతకని చోటల్లా మళ్లీ మళ్లీ ప్రశ్నలు పడ్డాయి. డిసెంబరు 16న ఫిరోజ్ గాంధీ మొత్తం విషయాన్ని సభ ముందు పరిచారు. ఆయన పాలక పక్షం సభ్యుడే, పైగా ప్రధాని నెహ్రూకి స్వయానా అల్లుడు. అప్పుడు స్పీకర్ కుర్చీలో ఉన్నది మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఛాగ్లా కమిషన్ వేశారు, బహిరంగంగా విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా అల్లుడు-మామ కోణం మీదే అందరి ధ్యాసా పోతుంది, సినిమాలా ఉంటుంది కాబట్టి. నాకు మాత్రం ఆ జవాబుల ముక్కలే గుర్తుంటాయి. మొదటి జవాబు అబద్ధం కానక్కర్లేదు, సగం నిజమైతే చాలు. మిగతా సగం కోసం ఇంకో ప్రశ్న ఉండాలి.

ఆ ఇంకో ప్రశ్న లేకపోతే ఎలా ఉంటుందో మన కాలంలోనే చూశాం. 2020 సెప్టెంబరులో కోవిడ్ కారణంగా పార్లమెంటు సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని తీసేశారు. చుక్క లేని ప్రశ్నలకి రాతజవాబులు మాత్రం ఉంచారు. అంటే వైవా రద్దు, రికార్డు ఇస్తే చాలు. లాక్‌డౌన్‌లో ఇళ్లకు నడిచిపోతూ, దారుల్లో చనిపోయిన వలస కూలీలు ఎంతమంది అని సెప్టెంబరు 14న లోక్‌సభలో కార్మిక శాఖకి ప్రశ్న వెళ్లింది. అలాంటి సమాచారం ఏదీ నిర్వహించడం లేదని జవాబు వచ్చింది. వాళ్ల కుటుంబాలకి పరిహారం ఇచ్చారా అన్న దానికి, పై జవాబు దృష్ట్యా ఆ ప్రశ్న ఉత్పన్నం కాదు అన్నారు. అదే జవాబులో, సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్లిన కూలీలు కోటి మందికి పైనే అన్న లెక్క మాత్రం ఉంది. వెళ్లినవాళ్ల లెక్క ఉన్నప్పుడు, చేరనివాళ్ల లెక్క ఎందుకు లేదు? సభ మామూలుగా జరిగి, ఇది చుక్క ప్రశ్నగా వచ్చి ఉంటే, లేచి అడగాల్సిన మాట అదే. అడిగే గంటే ఆ సమావేశాల్లో లేదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. అవే సమావేశాల్లో రాజ్యసభలో రైల్వే శాఖని వేరేలా అడిగారు: శ్రామిక్ రైళ్లలో ప్రయాణిస్తూ ఎంతమంది చనిపోయారు? దానికి అంకె వచ్చింది. 97. రైల్లో మనిషి చనిపోతే ఎక్కడో ఒక చోట రాసుకోక తప్పదు. రోడ్డు మీద నడిచేవాణ్ని రాసుకునే రిజిస్టర్ ఎవరి దగ్గరా లేదు. రిజిస్టర్ ఎవరి దగ్గరుందో తెలుసుకుని వాళ్లనే అడిగితే, రాతప్రశ్న కూడా పని చేస్తుందన్నమాట. చుక్క లేని 230 ప్రశ్నల్ని చులకనగా చూడక్కర్లేదు.

అయితే చుక్క ప్రశ్నలు 20 జాబితాలో ఉన్నాయి కదా అని గంటలో అన్నీ వస్తాయనుకునేరు. చాలా రోజుల్లో అయిదారు దాటితే గొప్ప. మిగతావాటికి కూడా రాతజవాబే గతి. 2019 నవంబరు 27న లోక్‌సభలో ఇరవైకి ఇరవై ప్రశ్నలూ చర్చకి వస్తే, 1972 తర్వాత ఇదే మొదటిసారి అని వార్త అయింది. గొడవ జరిగి సభ వాయిదా పడితే ఆ రోజు ఒక్కటీ రాదు. ప్లకార్డులు పట్టుకుని వెల్‌లోకి దూసుకెళ్లే ప్రతిపక్షం గమనించదో, గమనించీ పట్టించుకోదో గానీ, ఆ గంట పోతే మంత్రికి వచ్చే నష్టమేమీ లేదు. ఆయన చేతిలో ఫైలు మూసి హాయిగా ఇంటికి పోవచ్చు. ఇటు పాలక పక్షం సభ్యులు అనుబంధ ప్రశ్న పేరుతో మంత్రిని పొగిడి, చివర్లో "ఈ పథకాన్ని మా జిల్లాకి కూడా విస్తరిస్తారా" అని కూర్చోవడం ఇంకో రకం నష్టం. బ్రిటన్‌లో ప్రతి బుధవారం ప్రధాని అరగంట సేపు ముందుగా తెలియని ప్రశ్నలకి నిలబడాలి. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేదు.

ప్రశ్నకి బజార్లో ధర కూడా పలికింది ఒకసారి. 2005 డిసెంబరులో ఒక టీవీ ఛానల్ రహస్య కెమెరాలతో, లేని ఒక సంఘం పేరు చెప్పి, డబ్బు తీసుకుని ప్రశ్నలు వేయడానికి ఒప్పుకున్న సభ్యుల్ని చూపించింది. డిసెంబరు 23న 11 మందిని, లోక్‌సభ నుంచి 10 మందిని, రాజ్యసభ నుంచి ఒకరిని, బహిష్కరించారు. ఎవరూ డబ్బిచ్చి కొనుక్కోకపోతే అది పనికిరాని వస్తువు అనుకోవచ్చు. కొంటున్నారంటే దానికి పని ఉందనే.

ఇప్పుడు మన వ్యవహారానికి వద్దాం. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏళ్లుగా వింటున్న మాట. ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే, చేతికొచ్చిన ఉద్యోగానికి ఒరిజినల్స్ చూపించలేక తిరిగేది మనమే. ఇది రాష్ట్ర పథకం కాబట్టి పార్లమెంటులో అడిగితే తిప్పి పంపుతారు. అడగాల్సింది అసెంబ్లీలో, లేదా శాసనమండలిలో. మండలిలో పట్టభద్రుల నియోజకవర్గాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. డిగ్రీ అయిన మూడేళ్లకి వాటిలో ఓటు మనదే.

"పేద విద్యార్థుల జీవితాలతో ప్రభుత్వం ఎందుకు ఆడుకుంటోంది?" అని రాసిస్తే నోటీసు గడప దాటదు. వాదన, ఎత్తిపొడుపు, ఆరోపణ ప్రశ్నలో ఉండకూడదు. అభిప్రాయం అడగకూడదు. "అయితే గియితే" అని ఊహల మీద అడగకూడదు. సమాచారం అడగాలి. ఇక అసెంబ్లీ పద్ధతిలో చాలా ప్రశ్నలు ఇలా మొదలవుతాయి: "అ) బకాయిలు పేరుకుపోయిన మాట వాస్తవమేనా? ఆ) అయినచో, వివరములేమి? ఇ) ఎప్పటిలోగా చెల్లించెదరు?" దీనికి వచ్చే జవాబు: "అ) కాదండి. ఆ), ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు." కోడింగ్ చేసేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఇఫ్ కండిషన్ ఫాల్స్ అయింది, లోపలున్న లైన్లేవీ రన్ కాలేదు. కార్మిక శాఖ జవాబులో జరిగిందీ సరిగ్గా ఇదే. "సమాచారం సేకరిస్తున్నాం" అని తప్పించుకుంటే కొంత నయం. పార్లమెంటులోనైతే అది హామీ కింద లెక్క, మూడు నెలల్లో నెరవేర్చారా లేదా అని చూడ్డానికి ప్రత్యేకంగా హామీల కమిటీ ఉంది.

అందుకని "వాస్తవమేనా" తీసేద్దాం. "అ) గత మూడు విద్యా సంవత్సరాలలో ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద చెల్లించవలసిన మొత్తం ఎంత, చెల్లించినది ఎంత, సంవత్సరాల వారీగా? ఆ) ధ్రువపత్రాలు ఇవ్వలేదని కళాశాలలపై విద్యార్థుల నుంచి అందిన ఫిర్యాదులు ఎన్ని? ఇ) వాటిపై తీసుకున్న చర్యలేమి?" ఇందులో అవునండి, కాదండి అనడానికి ఎక్కడా చోటు లేదు. అంకెలు ఇవ్వాలి, లేదా లెక్కలు లేవని సభలో ఒప్పుకోవాలి.

మొదటిదానికి మంత్రి ఏవో అంకెలు చదువుతారు. రెండోదానికి బహుశా "ఫిర్యాదులేవీ అందలేదండి" అంటారు. ఈ జవాబు కోసమే అనుబంధ ప్రశ్న ముందే రాసి జేబులో పెట్టుకోవాలి: ఆ ఫిర్యాదు తీసుకునే అధికారి ఎవరు, ఆయన దగ్గరికి వెళ్లాలని విద్యార్థులకి ఏ తేదీన, ఏ ఉత్తర్వు ద్వారా తెలియజేశారు?