వావిలాకు నుంచి వారం మాత్ర దాకా

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లతో కర్ణాటకలోని మాన్వి చుట్టుపక్కల వెలసిన తెలుగు రైతుల క్యాంపుల్లో వావిలాకుకు ఇంకా గిరాకీ ఉంది. నాట్ల రోజుల్లో ఆకు వేసి కాచిన నీళ్లు పోసుకుంటారు, వాచిన మోకాలికి వెచ్చచేసి కడతారు. పని అలుపు నొప్పికి అది హాయిగానే ఉంటుంది.

చిక్కల్లా రుమటాయిడ్ కీళ్లవాతంతోనే. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద విరుచుకుపడే జబ్బు ఇది. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి ప్రోటీన్లు వాపును ఎగదోస్తాయి. మందమైన ఆ పొర మృదులాస్థిని, ఎముకను కొరుక్కుతింటుంది. పొద్దున లేచాక గంటసేపు చెంబు పట్టుకోవడానికి వేళ్లు ముడవవు. నొప్పి తగ్గితే ఎముక అరుగుదల ఆగినట్టు కాదు. ఆకునైనా మాత్రనైనా తూచాల్సింది ఇక్కడే.

వావిలి సారం మీద ప్రయోగాలు ఎక్కువగా ఎలుకలపైనే జరిగాయి. పాదంలోకి సముద్రపు నాచు నుంచి తీసిన క్యారజీనన్‌ను సూదితో ఎక్కిస్తారు. గంటల్లో పాదం ఉబ్బుతుంది. దాన్ని ద్రవంలో ముంచి, మట్టం ఎంత పెరిగిందో చూసి వాపు కొలుస్తారు. వాపు తగ్గితే చాలు, కీళ్లవాతానికి మందు దొరికిందని వార్త వచ్చేస్తుంది! ఆ వాపు ఒకట్రెండు రోజుల ముచ్చట. మనిషి కీలు ఏళ్ల తరబడి పాడవుతుంది.

పసుపు కాస్త ముందుంది. 2012లో కేరళలో 45 మంది రోగులకు పసుపులోని కుర్కుమిన్, డైక్లోఫెనాక్ ఇచ్చి పోల్చారు. కుర్కుమిన్ వాడినవారికే మెరుగ్గా ఉంది. అయితే రోగులు కొద్దిమందే, పరీక్ష ఎనిమిది వారాలే. పైగా డైక్లోఫెనాక్ వట్టి నొప్పి మాత్ర. పసుపులో కుర్కుమిన్ నూటికి మూడు పాళ్లకు అటూ ఇటూ. 500 మిల్లీగ్రాములు కావాలంటే పదహారు పదిహేడు గ్రాముల పసుపు మింగాలి. అదీ రక్తంలోకి సరిగా ఎక్కదు. పాలలో చిటికెడు పసుపు ఏ మూలకు?

చైనా వైద్యంలో వాడే ట్రిప్టెరీజియం తీగ వేరుకు మాత్రం నిజంగానే బలముంది. 2014లో 207 మందిపై చేసిన పరీక్షలో ఆ వేరు సారం కీళ్లవాతానికి డాక్టర్లు రాసే మెథోట్రెక్సేట్‌కు తీసిపోలేదు. కానీ ఆడవారికి నెలసరి ఆగిపోవచ్చు, మగవారికి వీర్యకణాలు తగ్గిపోవచ్చు. చెట్టు మందు ఏం చేస్తుందిలే అనేవారికి ఈ సంగతి తప్పక చెప్పాలి.

ఇంతకీ ఆ మెథోట్రెక్సేట్ కథా ఆకుతోనే మొదలైంది. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి ఫోలిక్ ఆమ్లాన్ని రాబట్టారు. లెడర్లీ లేబొరేటరీస్‌లో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆపైన అచ్చం దానిలాగే ఉండి దాని పనికే అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను చేసింది. వీటిని మొదట పిల్లల రక్తకేన్సర్‌కు వాడారు. 1951లో గుబ్నర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్‌తో కీళ్లవాతం తగ్గడం గమనించాడు. ఆ జబ్బుకు మెథోట్రెక్సేట్‌ను అమెరికా ఆమోదించింది 1988లో. అప్పటికి సుబ్బారావు పోయి నలభై ఏళ్లు.

నేడు డాక్టర్లు చాలామందికి ముందు రాసేది ఈ మాత్రే. దుష్ఫలితాలు తగ్గడానికి తోడుగా ఇచ్చేదీ ఆ పాలకూర విటమినే, ఫోలిక్ ఆమ్లమే. కీళ్లకు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే వారంలో ఏ రోజు వేసుకోవాలో క్యాలెండర్ మీద గీసిపెట్టుకోవాలి, కాలేయానికి, రక్తకణాలకు పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. వావిలాకు కట్టు పైపైన కట్టుకున్నా, లోపలికి ఏ కషాయం తాగుతున్నా ఆ సంగతి డాక్టరు చెవిన వేయాలి.