మాట కన్నా ముందు సైగ: ఆటిజం చిన్నారులకు ఇల్లే తొలి బడి

న్యూఢిల్లీ: దాహం వేసిన పిల్లవాడు నీళ్లు కావాలని అడగలేకపోతే ఏమి చేస్తాడు? ఏడుస్తాడు, గ్లాసు విసిరికొడతాడు, లేదా తల్లి చేయి పట్టుకుని నీళ్ల బిందె దగ్గరకు లాక్కుపోతాడు. ఆటిజం ఉన్న పిల్లలు గల ఇళ్లలో నిత్యం ఎదురయ్యే ఈ పరిస్థితిని ఇరుగుపొరుగువారు మొండితనంగానో, పెంపకంలోని లోపంగానో భావించడం పరిపాటి. వాస్తవానికి అది మాట దొరకని బిడ్డ చేసే విన్నపమేనని, దానికి ఒక చిన్న చేతి సైగను జోడించగలిగితే బిడ్డకూ, ఇంటివారికీ ఎంతో ఊరట లభిస్తుందని వాక్ చికిత్సా నిపుణులు చెబుతున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా ప్రతి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి బడి ఈడు వచ్చినా అతి కొద్ది మాటలే వస్తాయని, కొందరికి అసలే రావని పరిశోధకులు పేర్కొంటున్నారు. భారతదేశంలో వాక్ చికిత్సకులు ఎక్కువగా నగరాలలోనే ఉన్నారు. వారానికి ఒకటి రెండు గంటల శిక్షణ కోసం పిల్లవాడిని వెంటబెట్టుకుని బస్సుల్లో తిరగడం సామాన్య కుటుంబాలకు భారమే. ఈ నేపథ్యంలో మిగిలిన గంటలన్నీ గడిచే ఇంటిలో తల్లిదండ్రులు చేయగలిగినది ఏమిటన్న ప్రశ్నకు ప్రాధాన్యం ఏర్పడింది.

మాటకు ముందున్న మెట్లు

మాట ఒక్కసారిగా ఊడిపడేది కాదు. పసిబిడ్డ మాటలు నేర్వక ముందే చేతులు జోడించి 'జేజె' పెడుతుంది, చేయి ఊపి 'టాటా' చెబుతుంది. చందమామను వేలితో చూపి, అమ్మ కూడా అటే చూస్తున్నదా అని ఆమె ముఖం వంక చూస్తుంది. ఒకే వస్తువుపై ఇద్దరి దృష్టి కలిసే ఈ క్షణాలే భాషకు పునాది. ఆటిజం ఉన్న పిల్లల్లో బలహీనంగా ఉండేది ఈ పునాదే. ఏడాదిన్నర వయసు వచ్చినా వేలితో దేనినీ చూపకపోవడం, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడం వంటి లక్షణాలను అశ్రద్ధ చేయరాదని, ముందుగా వినికిడి పరీక్ష జరిపించాలని వైద్యులు సూచిస్తున్నారు.

అమెరికాలోని బాల్టిమోర్‌లో మనోవైద్యుడు లియో కానర్ 1943లో ఆటిజాన్ని తొలిసారి సవివరంగా వర్ణించినప్పుడు 11 మంది పిల్లలను పరిశీలించారు. వారిలో 8 మందికి మాటలు వచ్చాయి, ముగ్గురికి రాలేదు. అయితే మాటలు వచ్చిన 8 మంది కూడా వాటిని ఇతరులకు తమ భావం తెలిపేందుకు వాడుకోలేదని ఆయన గమనించారు. పదాలు పలకడం వేరు, వాటితో ఎదుటివారిని అడగడం, చెప్పడం వేరు అన్న ఈ తేడాయే నేటి శిక్షణ పద్ధతులకు ఆధారం.

బ్రిటన్‌లో పుట్టిన పద్ధతి

మాటతోపాటు సైగను వాడే పద్ధతులలో ప్రసిద్ధమైనది 'మకటన్'. బ్రిటన్‌కు చెందిన వాక్ చికిత్సకురాలు మార్గరెట్ వాకర్ 1970 దశకం ఆరంభంలో దీనికి రూపకల్పన చేశారు. ఆమెతో కలిసి పనిచేసిన కాథీ జాన్‌స్టన్, టోనీ కార్న్‌ఫోర్త్‌ల పేర్లలోని తొలి అక్షరాలను ఆమె పేరుతో చేర్చి 'మకటన్' అన్నారు. తొలుత వినికిడి లోపంతోపాటు మేధో వైకల్యం గల పెద్దల కోసం ఉద్దేశించిన ఈ పద్ధతి అనంతరం పిల్లలకు విస్తరించింది. ఇందులో వాక్యం మొత్తాన్ని సైగలలోకి మార్చరు. నోటితో మామూలుగా మాట్లాడుతూ, ముఖ్యమైన పదానికి మాత్రమే సైగ చేస్తారు. బధిరుల సంజ్ఞా భాష స్వంత వ్యాకరణం గల సంపూర్ణ భాష కాగా, ఇది మాటకు ఊతమిచ్చే సాధనం మాత్రమే.

భారతీయ కుటుంబాలు ఇందుకోసం విదేశీ సైగలను వెదుక్కోవలసిన అవసరం లేదు. అయిదు వేళ్లు కలిపి నోటి దగ్గరకు తెస్తే అన్నమని, పిడికిలి బిగించి బొటనవేలిని పెదవులకు చూపితే నీళ్లని దేశంలో ఏ మూలనైనా తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2015లో ఢిల్లీలో నెలకొల్పిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం వెలువరించిన నిఘంటువులో 10 వేల పదాల సంజ్ఞలు ఉన్నాయి. ఇంటిలోనూ, బడిలోనూ ఒకే సైగను వాడటమే ముఖ్యమని, చోటుకొక విధంగా మారిస్తే పిల్లవాడు తికమకపడతాడని నిపుణులు హెచ్చరిస్తున్నారు.

సైగ నేర్పితే మాట ఆగిపోతుందా?

తల్లిదండ్రులను అన్నిటికన్నా వేధించే భయం ఇదే. చేతితో పని జరిగిపోతే నోరు ఎందుకు విప్పుతాడని పెద్దలు అభ్యంతరం చెప్పడం, దానితో అమూల్యమైన కాలం వృథా కావడం తరచు జరుగుతున్నది. ఈ విషయమై జరిగిన అధ్యయనాలను 2006, 2008 సంవత్సరాలలో పరిశోధకులు క్రోడీకరించారు. సైగలు, బొమ్మల వాడకం వల్ల మాట తగ్గినట్లు ఆధారాలు కనిపించలేదు. పైగా పలువురిలో మాట కొంతమేర మెరుగుపడింది. అయితే ఆ మెరుగుదల స్వల్పమే అయినందున, సైగ నేర్పితే మాట వచ్చి తీరుతుందని హామీ ఇవ్వడం కూడా సరికాదు. మాట వచ్చినా రాకపోయినా బిడ్డకు చెప్పుకునే దారి ఒకటి ఏర్పడటమే అసలు లాభం.

ఆ లాభం ప్రవర్తనలోనూ కనిపిస్తుంది. అమెరికా పరిశోధకులు కార్, డురాండ్ 1985లో ప్రచురించిన అధ్యయనంలో, కష్టమైన పని ఎదురైనప్పుడు సహాయం అడగడం నేర్పిన పిల్లల్లో అల్లరి, తమను తాము గాయపరచుకోవడం తగ్గినట్లు వెల్లడయింది. 'వద్దు', 'చాలు', 'సాయం చెయ్యి' అనే మూడు సైగలు ఎన్నో కన్నీళ్లను నివారించగలవన్నమాట.

వంటింట్లోనే పాఠం

పాఠానికి ప్రత్యేకంగా బల్ల, కుర్చీ అక్కరలేదు. స్నానం, టిఫిను, బట్టలు తొడగడం, ఊయల వంటి రోజూ ఒకే వరుసలో జరిగే పనులే తగిన అవకాశాలు. తరువాత ఏమి జరుగుతుందో పిల్లవాడికి ముందే తెలుసు కనుక ఆ పనికి సంబంధించిన మాట సులభంగా పట్టుబడుతుంది.

ముందుగా బిడ్డ బాగా ఇష్టపడే మూడు నాలుగు విషయాలను ఎంచుకోవాలి. ఇడ్లీ మొత్తం ఒకేసారి పళ్లెంలో పెట్టక చిన్న ముక్క ఇచ్చి ఆగాలి. మూత బిగించిన డబ్బాలో బిస్కట్టు ఉంచి కనిపించేలా చూపాలి. ఊయలను రెండుసార్లు ఊపి నిలిపివేయాలి. పిల్లవాడు చూసిన వెంటనే ఆ పదం పలుకుతూ సైగ చేసి, మనసులో పది అంకెలు లెక్కించేంతసేపు వేచి ఉండాలి. స్పందన లేకపోతే వెనుక నుంచి అతని చేతులను మృదువుగా పట్టుకుని సైగ చేయించి, అడిగినది తక్షణం ఇచ్చివేయాలి. క్రమంగా ఆ ఆసరాను తగ్గించుకుంటూ పోవాలి. సైగ సక్రమంగా లేకపోయినా ప్రయత్నాన్ని అంగీకరించాలి. ఆకలితో ఉన్న బిడ్డను సైగ చేసేదాకా పస్తు ఉంచడం శిక్షణ కాదు, శిక్ష.

'ఇంకా' అనే ఒక్క సైగతోనే ఆరంభిస్తే పిల్లవాడు అన్నింటికీ దానినే వాడే అవకాశం ఉన్నందున వస్తువుల పేర్లు కూడా వెంటనే జోడించాలని పలువురు చికిత్సకులు సలహా ఇస్తున్నారు. చేతులను అనుకరించడం కష్టమైన పిల్లలకు బొమ్మల కార్డులు మేలు. బొమ్మను చేతికిచ్చి వస్తువును అడిగే 'పెక్స్' పద్ధతిని 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించారు. సైగ ఎక్కడికైనా వెంట వస్తుంది గానీ ఎదుటివారికి అది తెలిసి ఉండాలి. బొమ్మ ఎవరికైనా అర్థమవుతుంది గానీ దానిని వెంట తీసుకువెళ్లాలి. కావున రెండింటినీ కలిపి వాడే కుటుంబాలూ ఉన్నాయి.

కాగా పిల్లవాడి చేతిని పెద్దలు పట్టుకుని అక్షరాల పలకపై వాక్యాలు రాయించే పద్ధతి వీటికి పూర్తిగా భిన్నమైనది. ఆ వాక్యాలు నిజానికి చేయి పట్టుకున్నవారివేనని పరీక్షలలో తేలింది. దానిని వాడరాదని అమెరికా వాక్, భాష, వినికిడి నిపుణుల సంఘం 2018లో స్పష్టం చేసింది.

గోవా, రావల్పిండిలలో ప్రయోగం

నిపుణుల కొరతను అధిగమించే మార్గాన్ని దక్షిణాసియాలోనే జరిగిన ఒక ప్రయోగం చూపింది. గోవాలోనూ, పాకిస్థాన్‌లోని రావల్పిండిలోనూ 2 నుంచి 9 ఏళ్ల మధ్య వయసు గల 65 మంది పిల్లలపై జరిగిన ఈ అధ్యయనం ఫలితాలు 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వెలువడ్డాయి. ప్రత్యేక డిగ్రీలు లేని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి పంపగా, వారు తల్లిదండ్రులు బిడ్డతో ఆడుకునే తీరును వీడియో తీసి వారికే చూపి, బిడ్డ సంకేతాలను గుర్తించి బదులివ్వడం నేర్పారు. తల్లిదండ్రుల స్పందన మెరుగుపడటమేగాక, పిల్లలు తామై చొరవ తీసుకుని సంభాషించడం పెరిగింది. అయితే ఇద్దరూ కలిసి ఒకే అంశంపై దృష్టి నిలిపే సమయం పెరగలేదు.

చట్టం ఉంది, ఉపాధ్యాయులేరీ?

1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాలలో ఆటిజం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం దీనిని పేర్కొనగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. సంభాషణ అంటే నోటిమాట ఒక్కటే కాదని, సైగలు, సంజ్ఞా భాష, ప్రత్యామ్నాయ పద్ధతులు సైతం అందులో భాగమేనని ఈ చట్టం నిర్వచించింది. అంటే బిడ్డ చేసే సైగను బడి గుర్తించవలసిందే. కానీ సైగ తెలిసిన ఉపాధ్యాయుడు తరగతిలో లేనప్పుడు ఇంటిలో నేర్చినది గుమ్మం దాటదు. ప్రత్యేక ఉపాధ్యాయుల పోస్టులను నోటిఫై చేయాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించడం ఈ దృష్ట్యా గమనార్హం.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలు, ప్రభుత్వ పాఠశాలలలో జరిపే పరీక్షల ద్వారా ఇటువంటి పిల్లలను గుర్తించి జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపవలసి ఉంది. తెలుగువారికి సికింద్రాబాద్‌లో 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ మేధో వైకల్య సంస్థ అందుబాటులో ఉంది. నిర్ధారణ కోసం, శిక్షణ కోసం నెలల తరబడి వేచి ఉండవలసి వచ్చినా, నీళ్లకు ఒక సైగ, అన్నానికి ఒక సైగ నేర్పడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ రాత్రి భోజనం వేళకే దానిని మొదలుపెట్టవచ్చు.