జానెడు దారంలో కంది జాతకం

పత్తి సాళ్ల నడుమ ఒక సాలు కంది. జొన్నతో కలిపి ఇంకొంచెం కంది. పాలమూరు, నల్గొండ చల్క నేలల్లో ఏళ్లుగా కనిపించే సేద్యమిది. వాన ముఖం చాటేసినా వేరు లోతుకు దించి బతికేస్తుంది కంది. ఇంటికి పప్పు, పశువులకు పొట్టు, పొయ్యిలోకి కట్టె... ఏదీ వృథా పోదు.

అలాంటి మొండి మొక్కా రెండు తెగుళ్ల ముందు తలవంచుతుంది. ఒకటి ఎండు తెగులు. మట్టిలోని శిలీంధ్రం వేరులోంచి పైకి పాకి, పూత మీదో కాయ మీదో ఉన్న మొక్కను నిలువునా ఎండబెట్టేస్తుంది. రెండోది వెర్రి తెగులు. కంటికి ఆనని నల్లి మోసుకొచ్చే వైరస్‌ సోకితే మొక్క పచ్చగానే ఉంటుంది, పూత మాత్రం రాదు. పెట్టుబడంతా పెట్టాక సంగతి తెలిస్తే రైతు చేయగలిగేదేముంది? అందుకే, తట్టుకునే శక్తి విత్తనంలోనే ఉండాలంటారు శాస్త్రవేత్తలు. ఆ శక్తి రాసి ఉండేది డీఎన్‌ఏలో.

పావు వంతు ఎక్కడ?

హైదరాబాద్‌ శివార్లలోని పటాన్‌చెరులో ఉంది ఇక్రిశాట్‌. అక్కడ రాజీవ్‌ వర్ష్నే నాయకత్వంలోని అంతర్జాతీయ బృందం 2011లో కంది జన్యుపటాన్ని ప్రచురించింది. అదే ఏడాది ఎన్‌.కె.సింగ్‌ ఆధ్వర్యంలో మనదేశ శాస్త్రవేత్తలూ మరో పటాన్ని వెలువరించారు. ఇద్దరూ ఎంచుకున్న రకం ఒకటే... ‘ఆశ’.

కంది జన్యురాశిలో ఉన్నవి సుమారు 83 కోట్ల అక్షరాలు. 11 క్రోమోజోముల్లోని ఆ దారాన్ని విప్పి, కొసకు కొస కలిపితే 28 సెంటీమీటర్లు వస్తుంది. అంటే జానెడు మీద కాస్త! మందం మాత్రం రెండు నానోమీటర్లే. ఇక్రిశాట్‌ బృందం అందులో 48,680 జన్యువుల ఆచూకీ పట్టింది. అయితే వరుసగా కూర్చగలిగింది 60 కోట్ల పైచిలుకు అక్షరాలనే. మరి మిగిలిన పావు వంతుకు పైగా ఏమైనట్టు?

అవి పోలేదు, ఎక్కడివో తేలలేదంతే. అప్పటి యంత్రాలు దారాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి చదివేవి. కంది డీఎన్‌ఏలో సగానికి పైగా ఒకే తరహా రాతే మళ్లీమళ్లీ వస్తుంది. ఒకే అంచున్న పది చీరలను బెత్తెడు ముక్కలుగా కత్తిరించి కలిపేస్తే, ఏ ముక్క ఏ చీరదో, అసలు ఎన్ని చీరలో చెప్పడం ఎవరి తరం? తెగుళ్లను తట్టుకునే జన్యువులు కూడా మొక్కల్లో చాలాసార్లు ఇలాగే, ఒకదాన్నొకటి పోలిన గుంపులుగా ఉంటాయి. సరిగ్గా కావాల్సిన చోటే చిక్కుముడి!

సన్నని సొరంగంలోకి...

ముక్కలు చేయకుండా దారాన్ని సాగదీసి చూస్తే? అమెరికా శాస్త్రవేత్త డేవిడ్‌ ష్వార్జ్‌ బృందం 1993లో ఈస్ట్‌ డీఎన్‌ఏతో ఆ పని చేసి చూపింది. ప్రిన్స్‌టన్‌ విశ్వవిద్యాలయంలో రాబర్ట్‌ ఆస్టిన్‌, హాన్‌ కావ్‌ తదితరులు ఇంకో అడుగు ముందుకేశారు. దాదాపు వంద నానోమీటర్ల వెడల్పున్న కాలువల్లోకి డీఎన్‌ఏను పంపి, 2004లో ఫలితాలు ప్రకటించారు. తల వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదా కాలువ. వదిలేస్తే ఉండచుట్టుకుపోయే దారం, అంత ఇరుకులో మడత పడటానికి చోటు లేక దానంతటదే నిటారుగా చాచుకుంటుంది.

ముందుగా కణాల నుంచి డీఎన్‌ఏను తెగిపోకుండా సుతారంగా తీస్తారు. ఓ ఆరేడు అక్షరాల మాట కనిపించిన ప్రతిచోటా ఎంజైము సాయంతో మెరిసే రంగు అంటిస్తారు. విద్యుత్తుతో చిప్‌లోని కాలువల్లోకి లాగి, ఫొటో తీస్తారు. పోచంపల్లి నేతన్న నూలును సాగదీసి, లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులద్దుతాడు. ఆ మచ్చల మధ్య దూరాన్ని బట్టే చీర మీద ఏ పువ్వు వస్తుందో తేలిపోతుంది. ఇక్కడా అంతే. యంత్రం అక్షరాలు చదవదు, చుక్కల మధ్య దూరం కొలుస్తుంది. లక్షన్నర అక్షరాలకు మించిన దారం మీది చుక్కల వరుసను పక్కన పెట్టుకుంటే, చిన్న ముక్కలు ఏ వరుసలో ఉండాలో, మధ్యలో ఎంత ఖాళీ ఉందో తెలిసిపోతుంది.

గోధుమకు పూర్వీకురాలైన ఓ గడ్డిమొక్క మీద 2013లో ఈ పద్ధతిని పరీక్షించారు. 21 లక్షల అక్షరాల భాగంలో అంతవరకు 75 శాతమే ఉన్న పటం 95 శాతానికి చేరింది. తర్వాతి కాలంలో పొడవైన ముక్కలను నేరుగా చదివే యంత్రాలూ వచ్చాయి. అయినా అవి కూర్చిన వరుస సరైనదేనా అని సరిచూడటానికి ఈ చుక్కల పటం పనికొస్తుంది.

చేనుకేం లాభం?

‘ఆశ’ రెండు తెగుళ్లనూ తట్టుకుంటుంది. కానీ కోతకు దాదాపు ఆర్నెల్లు. తేలిక చల్కల్లో అప్పటిదాకా తేమ నిలవదు. నాగర్‌కర్నూల్‌ జిల్లా పాలెం పరిశోధనా స్థానం రూపొందించిన పీఆర్‌జీ-176 ‘ఉజ్వల’ నాలుగున్నర నెలల్లోనే చేతికొస్తుంది. ఇలా త్వరగా కోతకొచ్చే గుణాన్నీ తెగుళ్లను తట్టుకునే గుణాన్నీ ఒకే గింజలోకి తేవాలంటే, వేల మొక్కల్ని తెగులున్న మడిలో పెంచి ఏది చస్తుందో ఏది బతుకుతుందో చూడాలి. దానికి ఏళ్లకేళ్లు పడుతుంది. పటం పక్కాగా ఉంటే, కావాల్సిన జన్యువు పక్కనుండే గుర్తును పట్టుకుని, నాలుగాకుల మొలకలోంచి చిటికెడు ఆకు తీసి పరీక్షిస్తే చాలు. 13 ఏళ్ల దాకా పట్టే కంది వంగడాల తయారీని అయిదేళ్లకు కుదించే పద్ధతిని 2024లో ఇక్రిశాట్‌ ప్రకటించింది. వేగానికి కచ్చితమైన పటం తోడైతే, వానను నమ్ముకుని విత్తే రైతుకు ఆ ఎనిమిదేళ్లూ కలిసొచ్చినట్టే.