నేటాల్ వెళ్లిన పంతులుగారు

మా ఈపురుపాలెంలో చదువుకున్న పిల్లలు విదేశాలకు బయలుదేరేటప్పుడు సంఘమంతా కూడి ప్రార్థన చేస్తాం. వీసా రావాలని, మంచి జీతం దొరకాలని ప్రభువును అడుగుతాం. ఆ మాట అడిగినప్పుడల్లా జాన్ రంగయ్యగారు మాకు గుర్తుకొస్తారు.

ఆయన నెల్లూరులో బడిపంతులు. 1860 నుంచి మన తెలుగువారెందరో ఐదేళ్ల ఒప్పందంపై కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఓడలెక్కారు. చెరకు, తేయాకు తోటల్లో చెమటోడ్చిన వారికి తమ భాషలో వాక్యం చెప్పే కాపరి కావలసి వచ్చింది. 1903లో తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషన్ సొసైటీ రంగయ్యగారిని అక్కడికి పంపింది. పంపింది తెల్లదొరలు కాదు, మన సంఘాలే!

ఆ డిసెంబరులోనే కియర్స్నీ తేయాకు తోటల దగ్గర తెలుగు సంఘం ఏర్పడింది. బడిలో అక్షరాలు దిద్దించిన పంతులుగారు పరదేశంలో సువార్తికుడయ్యారు, కూలీల కాపరి అయ్యారు. 1915లో ప్రభువు సన్నిధికి చేరేవరకు ఆ పిలుపును విడువలేదు.

అబ్రాహాము కూడా సొంత ఊరు విడిచి వెళ్లినవాడే. అతడు ఆశీర్వాదం పొందడమే కాదు, అనేకులకు ఆశీర్వాదమయ్యాడు. అందుకే ఇప్పుడు మా ప్రార్థనలో ఒక మాట చేర్చుకున్నాం. ‘తండ్రీ, బిడ్డకు ఉద్యోగమివ్వు. వెళ్లిన చోట దిక్కులేనివారికి ఈ బిడ్డను తోడుగా ఇవ్వు.’